బియ్యం మండీ అరుగు మీద వినిపించే అపోహలు - వాస్తవాలు

చిత్తూరులో మాది మూడు తరాల బియ్యం మండీ. బస్తా ఎత్తేలోగా ధరల మీద తలా ఒక తీర్పు చెప్పిపోతారు. అందులో తరచూ వినేవి కొన్ని.

అపోహ: "మునుపు బియ్యం ఎక్కడికైనా తోలుకొని అమ్ముకునేవాళ్లు. ఈ రూల్సన్నీ ఇప్పుడొచ్చినవే."

పూర్తిగా తలకిందులు. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళలను కలిపి దక్షిణ బియ్యం జోన్ చేశారు. ఈ నాలుగింటి మధ్య సరుకు తిరగొచ్చు, బయటికి పోకూడదు. 1964లో దాన్నీ విడగొట్టి రాష్ట్రానికో జోన్ అన్నారు. సరిహద్దులో ఉండే మనకు అది గట్టి దెబ్బ. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే, హద్దుల సర్దుబాటులో మద్రాసుకు పోయింది. నాలుగేళ్లు తిరిగేసరికి నిన్నటి సొంత తాలూకాకు అనుమతి లేకుండా బియ్యం తోలితే దొంగరవాణా! ఊరికే పెట్టిన కట్టడి కాదిది. మిగులున్న చోటి సరుకు కదలకుంటే అక్కడ ధర అణిగి ఉంటుంది, సర్కారు సేకరణ సులువవుతుంది. ఆ సులువుకు మూల్యం కట్టింది రైతు. బియ్యం మీద ఈ జోన్లు పోయింది 1977లో.

అపోహ: "మార్కెట్ యార్డులు పుట్టిందే వడ్ల కోసం."

1933 నాటి మద్రాసు చట్టం పేరే వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం. అందులో పేరుపెట్టి రాసినవి పత్తి, శనక్కాయ, పొగాకు. వడ్ల ఊసు లేదు. మనకిప్పుడున్న మార్కెట్ కమిటీలు 1966 చట్టంతో వచ్చినవి.

అపోహ: "వ్యాపారిని తీసేస్తే ధర దిగొస్తుంది."

నేనూ వ్యాపారినే, మావాళ్ల వైపు మాట్లాడుతున్నాననుకుంటే అనుకోండి. 1973లో ఇందిరా గాంధీ ప్రభుత్వం గోధుమల హోల్‌సేల్ వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకుంది. మండీలకు రావాల్సిన గోధుమ రాలేదు. మరుసటి ఏడాదే వెనక్కి తగ్గారు. అలాగని సరుకు దాచేవాళ్లు లేరా? ఉన్నారు. ధర ఎక్కుతుంటే గోదాము తలుపు తీయబుద్ధి కాదు, నిజం ఒప్పుకోవాలి.

అపోహ: "మద్దతు ధరకు తక్కువ కొంటే జైలే."

1965లో పంటలకు ధరలు సిఫారసు చేసే ధరల కమిషన్, అదే ఏడు సర్కారు తరఫున ధాన్యం కొనే ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) వచ్చాయి. కేంద్రం ధర ప్రకటిస్తుంది, ప్రభుత్వ సంస్థలు ఆ ధరకు కొంటాయి. ప్రైవేటువాడు తక్కువకు కొనడం నేరమనే దేశవ్యాప్త చట్టం మాత్రం లేదు. అందుకే కోతలప్పుడు రైతు మా కొట్టుకొచ్చి ముందు రేటు అడగడు. "అన్నా, కొనుగోలు కేంద్రం తెరిచినారా?" అని అడుగుతాడు.