పెద్దల సేవకు సర్కారు గ్రాంటు: విశాఖలో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

శివాజీ పార్కులో నడక ముగించుకుని బెంచీ మీద కూర్చోగానే ఎవరో ఒకరు పక్కన చేరతారు. “ఏవండీ, మేం పన్నెండు మందిమి ఉన్నాం. స్టీల్‌ప్లాంటులో చేసినవాళ్లం, పోర్టులో చేసినవాళ్లం, ఇద్దరు రిటైరైన టీచర్లు. మా వార్డులో కుర్రాళ్లు గంజాయికి అలవాటు పడుతున్నారు. చూస్తూ ఊరుకోలేకపోతున్నాం. పెద్దవాళ్లు సేవ చేస్తే గవర్నమెంటు గ్రాంటు ఇస్తుందట కదా, కాగితాలు ఎక్కడ ఇవ్వాలి?”

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, ఏ ఇంట్లో మందులు అయిపోయాయో, ఎవరికి నీళ్లు అందలేదో మా కాలనీలో ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చింది అరవై దాటినవాళ్లే. ఆ గుంపును సంఘంగా నమోదు చేయించడంతో నా పని మొదలైంది. బైలాలు (సంఘం నియమాలు) రాయడం, లెక్కలు సరిచూడడం, గ్రాంటు దరఖాస్తులు తయారుచేయడం అప్పటినుంచీ చేస్తూనే ఉన్నాను. మనసు, ఓపిక రెండూ ఉన్న సంఘాలు కూడా ఒక తప్పు నమ్మకం పట్టుకుని రెండేళ్లు పోగొట్టుకోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వాలంటీరుగా పేరు రాయించుకుంటే నెలనెలా డబ్బు వస్తుంది.

ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో మన రాష్ట్రంలో అందరికీ తెలుసు. 2019 ఆగస్టు 15న గ్రామ, వార్డు వాలంటీర్లు వచ్చారు. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. దాంతో ‘వాలంటీరు’ అనే మాటకు మన దగ్గర అర్థమే మారిపోయింది. ఆ నియామకాలకు వయసు 18 నుంచి 35. అది వేరే వ్యవస్థ, దానికీ మనం మాట్లాడుకునే గ్రాంటుకూ సంబంధం లేదు.

అరవై దాటిన మనిషి సేవ చేస్తున్నాడన్న ఒక్క కారణంతో నెలకింత అని ఇచ్చే కేంద్ర పథకం లేదు. గ్రాంటు అనేది పనికి ఇస్తారు, సంస్థ పేరున ఇస్తారు. బడుల్లో పాఠాలు చెప్పడానికి 2021లో కొత్త రూపంలో వచ్చిన విద్యాంజలిలో రిటైరైనవాళ్లు చేరవచ్చు, కానీ వేతనం లేదు. పదిహేనేళ్లు దాటిన నిరక్షరాస్యుల కోసం 2022 నుంచి 2027 వరకు నడిచే ఉల్లాస్ కార్యక్రమానికి 1,037.90 కోట్లు కేటాయించారు. అందులోనూ చదువు చెప్పేవాళ్లు స్వచ్ఛందంగానే చెప్పాలి.

ఒక్క చోట మాత్రం కొంత గౌరవ వేతనం ఉంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పారా లీగల్ వాలంటీర్లను, అంటే న్యాయసాయం అందేలా జనానికి తోడుండేవాళ్లను, తీసుకుంటుంది. ఎవరిని తీసుకోవచ్చో చెప్పే జాబితాలో రిటైరైన టీచర్లు, రిటైరైన ప్రభుత్వోద్యోగులు, సీనియర్ సిటిజన్లు అని స్పష్టంగా ఉంది. పని అప్పగించిన రోజులకే డబ్బు వస్తుంది. దాన్ని ఉద్యోగంగా చూడకూడదు. కొడుకులు పట్టించుకోని తల్లి 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు అర్జీ రాయించుకోవాలంటే, తన ఈడు మనిషి పక్కన కూర్చుని రాసిపెడితే నోరు విప్పి చెబుతుంది. ఈ పనికి పెద్దవాళ్లను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం.

అపోహ: అమెరికాలో గంటకింతని ఇస్తున్నారు, ఇక్కడా అలాంటిదే ఉంటుంది.

పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చినవాళ్లు ఈ మాట చెబుతారు. అక్కడ అమెరికోర్ సీనియర్స్ పేరుతో ఒక ప్రభుత్వ కార్యక్రమం ఉన్న మాట నిజం. వయసు 55 నిండాలి. పిల్లలకు తోడుండే ఫాస్టర్ గ్రాండ్‌పేరెంట్స్ 1965లో మొదలైంది. అందులోనూ, ఒంటరి వృద్ధులకు సాయపడే సీనియర్ కంపానియన్స్‌లోనూ ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు గంటల లెక్కన చిన్న భత్యం ఇస్తారు. మూడోది ఆర్‌ఎస్‌వీపీ, రిటైరైన పెద్దలు స్వచ్ఛందంగా సేవ చేసేది, దాంట్లో భత్యం లేదు. మూడింటిలోనూ ప్రభుత్వ గ్రాంటు స్థానిక సంస్థ చేతికి వెళ్తుంది. ఆ సంస్థ పెద్దలను చేర్చుకుని పనిలో పెడుతుంది. అంటే గ్రాంటుకు సంస్థ కావాలన్నది అక్కడా తప్పలేదు.

అపోహ: సీనియర్ సిటిజన్ల పథకమంటే సీనియర్ సిటిజన్ల సంఘానికే.

వృద్ధుల కోసం కేంద్రం నడిపే అటల్ వయో అభ్యుదయ యోజన పేరు చూసి ఆశపడి వచ్చేవాళ్లు ఎక్కువ. దాని కింద సంస్థలకు గ్రాంటు ఉంది, వృద్ధాశ్రమాలు, సంచార వైద్య వాహనాలు నడపడానికి. 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ కింద చేతికర్రలు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు ఇస్తారు. పెద్దల సహాయానికి 14567 ఎల్డర్‌లైన్ ఫోను నంబరు ఉంది. ఇవన్నీ పెద్దలను సేవలు అందుకునేవాళ్లుగా చూసే పథకాలు. సేవ చేసే పెద్దల కోసం వేరే పద్దు ఏదీ లేదు.

కాబట్టి సంఘానికి నేను మొదట అడిగే ప్రశ్న: మీరు పట్టుకున్న సమస్య ఏది? ఆ సమస్య ఏ శాఖదో ఆ శాఖ గుమ్మమే ఎక్కాలి. గంజాయి అంటే సామాజిక న్యాయ శాఖ, 2020 ఆగస్టు 15న మొదలైన మత్తు వ్యతిరేక కార్యక్రమం నశా ముక్త్ భారత్. కానీ అక్కడ సంస్థలకిచ్చే గ్రాంటులో పెద్ద భాగం చికిత్స కేంద్రాలు నడపడానికి. పడకలు, డాక్టరు, సిబ్బంది చూపించాలి. పన్నెండు మంది పెద్దలు ఆ దరఖాస్తు పెట్టడం దండగ. ఇల్లిల్లూ తిరిగి తల్లులతో మాట్లాడడం, మత్తు మానడానికి సాయపడే 14446 నంబరుకు ఫోను చేయించడం, కుర్రాణ్ని మొదటిసారి డాక్టరు దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్లడం మీ చేతిలో పని. దానికి అయ్యేది ఆటో ఖర్చు. ఆ ఖర్చుకు సభ్యత్వ రుసుము చాలు.

టీబీ సంగతీ అంతే. 2022 సెప్టెంబరులో వచ్చిన నిక్షయ్ మిత్రలో చేరితే గ్రాంటు వస్తుందని ఒక సంఘం అనుకుంది. అక్కడ పెట్టేది మనమే: రోగి ఒప్పుకుంటే కనీసం ఆరు నెలలు పోషకాహారం బుట్ట ఇవ్వాలి. ప్రభుత్వం రోగి ఖాతాలో విడిగా వేసే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 అయింది.

అపోహ: ముందు గ్రాంటు మంజూరు కానీ, రిజిస్ట్రేషన్ తర్వాత చేయించుకోవచ్చు.

దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం సంఘానికి కనీసం ఏడుగురు కావాలి. నమోదయ్యాక ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. తర్వాత సంస్థ పేరున పాన్, బ్యాంకు ఖాతా, స్వచ్ఛంద సంస్థల కోసం నీతి ఆయోగ్ వారు నడిపే ఎన్‌జీఓ దర్పణ్ వెబ్‌సైటులో నమోదు. చాలా పథకాలు ఆపైన రెండు మూడేళ్ల పని, ఆడిట్ చేయించిన లెక్కలు అడుగుతాయి. పబ్లిక్ సెక్టారు కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బును కూడా మనవాళ్లు సర్కారు గ్రాంటే అంటారు. అది 2013 కంపెనీల చట్టం కింద వచ్చేది. అక్కడా మూడేళ్ల అనుభవం అడుగుతారు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు ఉండాలి. అంటే ఈ ఏడాది నమోదు చేసుకుంటే గ్రాంటు మాట రెండు మూడేళ్ల తర్వాతే.

నా చేతిమీదుగా వెళ్లిన ఒక దరఖాస్తు నాలుగు నెలలకు తిరిగొచ్చింది. పనిలో లోపం లేదు. రిజిస్ట్రేషన్ పత్రంలో ‘సిటిజన్స్’ అని ఉంది, పాన్ కార్డులో ‘సిటిజన్’ అని ఉంది. ఒక్క అక్షరం. పాన్ సరిచేయించేసరికి ఆ ఏడాది గడువు దాటిపోయింది. కుట్టు మిషన్లు వస్తాయని పేర్లు ఇచ్చిన పద్నాలుగు మంది ఆడపిల్లలకు ఆ సంగతి చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచి ఏ సంఘం వచ్చినా ముందు ఇలాంటి కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి పేరును అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుతాను.

మినిట్స్ పుస్తకం కూడా అంతే ముఖ్యం. పేజీలకు నంబర్లు వేసిన బౌండు పుస్తకం కొనండి. ఆరోజు తీర్మానం ఆరోజే రాసి, హాజరైనవాళ్ల సంతకాలు అక్కడికక్కడే తీసుకోండి. ఏడాది తీర్మానాలన్నీ ఒకే పెన్నుతో ఒకే రోజు రాసినట్టు కనబడితే చూసే అధికారికి ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: మంజూరైన డబ్బు మన ఇష్టం.

కేంద్రం గ్రాంటుకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు వర్తిస్తాయి. ఏ పద్దుకు ఇచ్చారో ఆ పద్దుకే ఖర్చు పెట్టాలి. ఖర్చయ్యాక 12-ఎ నమూనాలో యూసీ, అంటే వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. గ్రాంటుతో కొన్న బీరువాను కూడా అనుమతి లేకుండా అమ్మకూడదు. ఇంకొక సంగతి విని కోశాధికారులు ఉలిక్కిపడతారు: గ్రాంటు ఖాతాలో పడి ఉన్నప్పుడు బ్యాంకు వేసిన వడ్డీ కూడా మనది కాదు, తిరిగి ప్రభుత్వానికి కట్టాలి. 5,000 దాటిన నగదు రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించడం మరవకండి.

అపోహ: గ్రాంటు వచ్చేదాకా అమెరికాలో ఉన్న మా అబ్బాయి పంపిస్తాడు, ఇబ్బందేముంది.

ఇబ్బంది ఉంది, పెద్దది. అబ్బాయిది ఇంకా భారత పాస్‌పోర్టే అయి, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే సరే. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు ఉన్నా సరే, ఆ డబ్బు విదేశీ విరాళం కిందకి వస్తుంది. సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదో, ముందస్తు అనుమతో ఉండాలి. డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. తెలియక తీసుకున్నా తప్పు తప్పే. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వైపు సంఘాల్లో దాదాపు ప్రతి ఇంటినుంచీ ఒకరు విదేశంలో ఉంటారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను: పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగాకే రసీదు రాయండి.

అపోహ: పది శాతం ఇస్తే ఏజెంటు మంజూరు చేయిస్తాడు.

ఇవ్వకండి. దర్పణ్ నమోదుకు రుసుము లేదు. సందేహం ఉంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు కాగితాలు తీసుకెళ్లి ఏ శాఖో అడగండి.

అపోహ: ఈ వయసులో మా వల్ల ఏమవుతుంది, మమ్మల్ని చూసి ఎవరిస్తారు.

వయసు అడ్డయ్యే చోట్లు ఉన్నాయి. విపత్తుల్లో సాయపడే ఆపదా మిత్రలకు సాధారణంగా 18 నుంచి 40 ఏళ్ల వాళ్లనే తీసుకుంటారు. సంఘానికి గ్రాంటు అడిగేటప్పుడు మాత్రం సభ్యుల వయసు ఎవరూ అడగరు, చేసిన పని చూపించమంటారు.

పెద జాలారిపేటలో ఒక రిటైరైన పంతులమ్మ సాయంత్రం పూట చేపలమ్మే ఆడవాళ్లకు చదువు చెబుతారు. గంపలు కడిగి బోర్లించాకే వాళ్లు వస్తారు, అందుకని తరగతికి గంట కొట్టే వేళంటూ లేదు. అక్షరాల కంటే ముందు అంకెలు మొదలుపెట్టారావిడ. కేజీ వంజరం ఎంత, మూడు కేజీలకెంత, వడ్డీ వ్యాపారి చిట్టీలో రాసిందెంత. రెండో నెలలో బ్యాంకు విత్‌డ్రా ఫారం తెచ్చి పలక మీద గీయించారు. హాజరు పట్టీ ఆవిడే గీసుకున్నారు, స్కేలు పెట్టి, ఎర్రసిరాతో. మొదటి పేజీల నిండా వేలిముద్రలే. సంక్రాంతి దాటాక ఒక్కొక్క గడిలో సంతకం మొదలైంది, కొన్ని వంకరగా, గడి దాటిపోయి.

ఆ తరగతికి ఇప్పటిదాకా పైసా గ్రాంటు రాలేదు. మొన్ననే ఆ తరగతిని నడిపే మా సంఘానికి మూడో ఏడాది ఆడిట్ పూర్తయింది. ఆ సంఘం మొదటి దరఖాస్తు సిద్ధమవుతోంది, జతపరిచే కాగితాల్లో అన్నిటికంటే పైన ఆ హాజరు పట్టీ జిరాక్సే పెట్టాం.