టారో: జోస్యానికి ముందు అది ఆట

పేకాట ఆడేవాళ్ళకి తురుపు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ మాట మూలం పట్టుకుని వెనక్కి వెళ్తే యూరప్ భాషల్లో 'విజయం' అనే అర్థమున్న మాట దగ్గర తేలుతాం. ఇటలీలో దాన్ని త్రియోన్ఫీ అన్నారు. ఇప్పుడు ఫోన్ తెరవగానే "ఒక కార్డు ఎంచుకోండి" అని పలకరించే టారో బొమ్మలు మొదట లోకానికి తెలిసింది ఆ పేరుతోనే. పక్కవాడి పట్టు కొట్టడానికి దించే తురుపు ముక్కలు అవి.

పేకముక్కలు యూరప్‌లో కనిపించడం 1370ల్లో మొదలైంది. ఈజిప్టును ఏలిన మామ్లూక్ సుల్తానుల నాటి పేకలో కప్పులు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు అని నాలుగు రంగులుండేవి. పోలో ఎరగని ఇటలీవాళ్ళ చేతిలో ఆ కర్ర దుడ్డుకర్ర అయింది. వాళ్ళ భాషలో కత్తుల్ని స్పాదె అంటారు. మన ఇస్పేటు ఆ కుదురులోదే. ఇలా నాలుగు రంగుల్లో ఉన్న 56 ముక్కలకి 21 తురుపులు, 'పిచ్చివాడు' అనే ఒక ముక్క కలిపి 78 చేసింది ఉత్తర ఇటలీ. 1440లో ఫ్లోరెన్స్‌లో, 1442లో ఫెరారా రాజకుటుంబం ఖర్చుల లెక్కల్లో ఈ పేక ప్రస్తావన ఉంది. మిలాన్ పాలకులు బంగారు రేకు అద్ది వేయించుకున్న పేకలో 74 ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. పోయిన నాలుగింటిలో సైతాను ఒకటి.

ఆ బొమ్మలకు అప్పట్లో రహస్యార్థాలేమీ అక్కర్లేకపోయింది. పోప్, చక్రవర్తి, మృత్యువు, అదృష్ట చక్రం అన్నీ చర్చి గోడల మీదా ఊరేగింపుల్లోనూ జనం చూసేవే. ఒంటికాలితో తలకిందులుగా వేలాడే మనిషినే చూడండి. ఈనాటి టారో జోస్యులు ఆ కార్డు వస్తే త్యాగమనీ, లోకాన్ని కొత్త కోణంలో చూడమనీ చెబుతారు. 15వ శతాబ్దం ఇటలీలో దాని పేరు ద్రోహి. పరారైన ద్రోహుల బొమ్మని అలా వేలాడదీసినట్టు గోడల మీద గీయించి పరువు తీయడం అక్కడి ఆనవాయితీ. 1412లో ముజియో అత్తెందోలో అనే సేనాని పక్షం మార్చాడని, అప్పట్లో పోప్ పీఠం మీదున్న 23వ జాన్ రోమ్‌లో అతని బొమ్మ ఇలాగే గీయించాడు. తమాషా ఏమిటంటే, మిలాన్‌ని ఏలి ఆ బంగారు పేక వేయించుకున్న స్ఫోర్జా వంశానికి మూలపురుషుడు ఈయనే.

అంటే 300 ఏళ్ళకు పైగా ఇది ప్రధానంగా ఆటే. మలుపు 1781లో వచ్చింది. ఆంత్వాన్ కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు, ఇవి మామూలు ముక్కలు కావు, ప్రాచీన ఈజిప్టు పూజారులు దాచిపెట్టిన, జ్ఞానానికి దేవుడైన థోత్ గ్రంథం అని రాశాడు. ఈజిప్టు బొమ్మల లిపిని షాంపోలియాన్ విప్పింది 1822లో. అంటే ఆ లిపిలో ఒక్క ముక్క చదవగలిగినవాడు లేని కాలంలో చేసిన ప్రకటన ఇది. పేక నిజంగానే ఈజిప్టు మీదుగా వచ్చింది, కాకపోతే ఫారోల ఈజిప్టు కాదు, సుల్తానులది!

కథ బాగుంటే ఆధారం ఎవరడుగుతారు? ఎతెయ్యా అనే పారిస్ జోస్యుడు 1789లో జోస్యం కోసమే ఒక పేక అచ్చు వేయించాడు. అసలు పేరు అల్లియెట్, దాన్ని తిరగేసి పెట్టుకున్న పేరు అది. తర్వాత, పూజారి కావడానికి చదివి ఆ దారి వదిలేసిన ఎలిఫాస్ లెవీ 1850ల్లో అసలు ముడి వేశాడు. పిచ్చివాడితో కలిపితే తురుపులు 22, హీబ్రూ అక్షరాలూ 22. ఇంకేం, కబాలా అనే యూదుల మార్మిక విద్య మొత్తం టారోలోకి దిగింది. లెక్క కుదిరింది కాబట్టి సంబంధం ఉందనడం మనకీ కొత్త కాదు.

1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం దీన్ని మరింత బిగించింది. కర్రలకు నిప్పు, కప్పులకు నీరు, కత్తులకు గాలి, నాణేలకు భూమి అన్నారు. ఒక్కో తురుపుకి ఒక గ్రహమో రాశో మూలకమో కట్టారు. బలానికి సింహం, న్యాయానికి తుల కట్టారు. రాశుల వరసలో సింహం ముందు, తుల తర్వాత రావాలి కదా, అందుకని పాత పేకలో 8గా ఉన్న న్యాయాన్ని 11కి, 11గా ఉన్న బలాన్ని 8కి మార్చారు. వాళ్ళ సిద్ధాంతం కోసం ముక్కలే చోటు మారాయి.

ఈ రోజు మనం చూసే బొమ్మలు ఆ సంఘం నుంచే వచ్చాయి. 1909లో, ఆ సంఘానికి చెందిన ఆర్థర్ వెయిట్ ఆలోచనకు పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు గీసింది. సంతలో గారడీ చేసే పాత బొమ్మ మాంత్రికుడిగా మారింది. తల మీద అనంతం గుర్తు పెట్టుకుని, ఒక చెయ్యి ఆకాశం వైపు, ఒకటి నేల వైపు చూపిస్తాడు. పైన ఎలాగో కింద అలాగే అన్న సూత్రం అది, హెర్మెటిక్ అనే పాత రహస్యవిద్యా సంప్రదాయానిది. మహా పూజారిణి పక్కన బి, జె అక్షరాలున్న స్తంభాలు సొలొమోను ఆలయానివి, ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంవాళ్ళకు ఇష్టమైనవి. నాణేల మీదికి అయిదు కోణాల నక్షత్రం వచ్చింది.

నాకు మాత్రం పమేలా అసలు గొప్పతనం తురుపులు కాని మిగతా ముక్కల్లో కనిపిస్తుంది. పాత పేకల్లో చాలావరకు నాలుగు కప్పులంటే నాలుగు కప్పుల బొమ్మే. ఆమె ప్రతిదానికీ ఒక దృశ్యం గీసింది. మూడు కత్తులు దిగిన గుండె బొమ్మకి మాత్రం, 15వ శతాబ్దం చివర్లో ఇటలీలో వచ్చిన సోలా బుస్కా అనే పేకలో ముందే ఒక పోలిక ఉంది. టారో నేర్చుకునేవాళ్ళు పుస్తకం మూసేసి బొమ్మను బట్టి కథ చెప్పగలుగుతున్నారంటే ఆ పుణ్యం ఆమెదే. కొండంత పని, గోరంత డబ్బు అనే అర్థంలో ఆ ఏడాదే ఒక ఉత్తరం రాసుకుంది. 1951లో పేదరికంలోనే పోయింది. పేకకి మాత్రం ప్రచురణకర్త రైడర్ పేరు, వెయిట్ పేరు కలిపి రైడర్-వెయిట్ అని స్థిరపడింది. ఎప్పుడైనా ఆ కార్డులు చేతికొస్తే కింద మూలకి చూడండి. పాములా మెలి తిరిగిన చిన్న గీత కనిపిస్తుంది. అది పమేలా సంతకం.