డింగీ బోల్తా పడితే ఈదకండి, పట్టుకోండి

"మా వోడికి ఈత బాగా వచ్చండి, ఆయ్. పడవ తిరగబడినా ఒడ్డుకొచ్చేస్తాడు."

కాకినాడ దగ్గర పిల్లలకు డింగీల మీద, అంటే చిన్న తెరచాప పడవల మీద, సెయిలింగ్ నేర్పుతుంటాను. ఏటా వేసవిలో ఏదో ఒక తండ్రి నాతో ఈ మాట అంటాడు. ఆయన ధైర్యంగానే అంటాడు, నాకే గుండె దడదడలాడుతుంది.

అపోహ: తిరగబడ్డ పడవ మునిగిపోతుంది, వదిలేసి ఈదాలి.

వాస్తవం: గాలి అరలు బిగుతుగా ఉన్నంతవరకు రేసింగ్ డింగీ మునగదు. ఇద్దరు నడిపే 470నే చూడండి. 4.70 మీటర్ల ఈ పడవను 1963లో ఫ్రాన్స్‌లో ఆండ్రే కార్ను రూపొందించాడు. తెరచాప నీళ్లలో పరుచుకున్నా అరల్లోని గాలి దాన్ని తేలుస్తూనే ఉంటుంది. ముందు షీట్లు, అంటే తెరచాపల్ని పట్టి ఉంచే తాళ్లు, వదిలెయ్యాలి. ఒకరు అడుగు వైపుకి వెళ్లి, అక్కడ పొడుచుకొచ్చి ఉండే సెంటర్‌బోర్డు అనే పలక ఎక్కి వెనక్కి వాలాలి. రెండోవారు లోపలి వైపే తేలుతూ ఉంటే, లేచే పడవే వాళ్లని ఎత్తుకుంటుంది.

పదిహేనేళ్లప్పుడు హుస్సేన్‌సాగర్‌లో నేనూ తప్పు చేశాను. బోల్తా పడగానే కొట్టుకుపోతున్న టోపీ కోసం నాలుగు బారలు ఈదాను. వెనక్కి తిరిగేసరికి పడవ గాలికి దూరం జరిగిపోయింది. ఎంత ఈదినా అందలేదు. రెస్క్యూ బోటు వచ్చింది కాబట్టి బతికాను.

అది చెరువు. మన గౌతమి సముద్రంలో కలిసే మొగలో పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నీరు సముద్రంలోకి లాగేస్తుంది. అలల మధ్య మనిషి తల కొబ్బరికాయంత, దూరానికి ఆనదు. పడవ తెల్లటి అడుగు మాత్రం కనిపిస్తుంది. అందుకే లైఫ్ జాకెట్ విప్పకూడదు, పడవ చుట్టూ తిరిగేటప్పుడు కూడా మెయిన్‌షీట్ (పెద్ద తెరచాప తాడు) చేతిలోంచి జారనివ్వకూడదు. తెరచాప కింద తేలితే కంగారుపడొద్దు. అరచేత్తో గుడ్డను పైకి నెడితే ఊపిరికి చోటు దొరుకుతుంది, తర్వాత ఒక కుట్టు వెంట జరుగుతూ పోతే అంచు వస్తుంది. లోతు తక్కువ చోట తెరచాప స్తంభం కొన ఒండ్రులో దిగబడితే బలవంతంగా లాగొద్దు, విరుగుతుంది.

2019లో కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం తర్వాత తల్లులు భయపడకుండా ఎలా ఉంటారు? ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. కానీ అది మూసిన గదులున్న పర్యాటక బోటు. డింగీకి కప్పే లేదు. అయినా నమ్మకం కుదరకపోతే, మొదటిరోజు మేం కావాలనే పడవను బోల్తా కొట్టిస్తాం, రెస్క్యూ బోటు పక్కనే ఉంటుంది, వచ్చి చూడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఒరిగితేనే వేగం అన్నది ఫొటోలు చూసి పుట్టిన మాట. ఒరిగితే సెంటర్‌బోర్డు పట్టు తగ్గి పడవ పక్కకు జారుతుంది, చుక్కాని బ్రేకులా అడ్డుపడుతుంది. ట్రెపీజ్ (స్తంభం నుంచి దిగే తీగ) మీద పడవ బయటికి వేలాడేది పడవను నిటారుగా ఉంచడానికే. గాలికి తిన్నగా ఎదురు పోలేం గానీ సుమారు 45 డిగ్రీల కోణంలో అటోసారి ఇటోసారి తిప్పుకుంటూ పోగలం. బలిష్ఠులే కావాలన్నదీ వట్టిమాట, 470కి ఇద్దరూ కలిపి 110 నుంచి 145 కిలోలుంటే చాలు. ఇక ఆడపిల్లలకెందుకని అడిగేవాళ్లకు ఒక్క మాట: 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 470 పోటీయే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసి ఒకే పడవ నడిపేది.