సీసా తెచ్చిన సీసం: లోహాల పరీక్షల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న ఒకావిడ మా ల్యాబ్‌కి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారు. "మేడమ్, మా నీళ్లలో సీసం 38 పీపీబీ వచ్చింది. పాపకి రెండేళ్లు. ఏం చెయ్యమంటారు?" పీపీబీ అంటే వంద కోట్ల భాగాల్లో ఒక భాగం. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే గరిష్ఠ విలువ 10. ఆ అంకె చూస్తే ఏ తల్లికైనా గుండె జారుతుంది. నేను మాత్రం, "నీళ్లు ఎందులో పట్టారమ్మా, ఎప్పుడు పట్టారు?" అని అడిగాను. ఇంట్లో పడున్న పాత సీసా, దానికి రంగు పెచ్చులూడిన రేకు మూత. రాత్రంతా కట్టేసి ఉన్న ఇత్తడి ట్యాప్ నుంచి తెల్లవారి మొదటగా వచ్చిన నీళ్లు.

అపోహ: మెషీన్ ఖరీదైనది, కాబట్టి అది చెప్పిన అంకె నిజం.

ఇన్నేళ్ల పనిలో నేను అందరికన్నా ఎక్కువసార్లు పోట్లాడింది దీంతోనే. ఐసీపీ-ఎంఎస్ అనే లోహాలు కొలిచే మెషీన్‌కి తన ముందు పెట్టిన ట్యూబులో ఏముందో మాత్రమే తెలుసు. అది నీళ్లలోదా, మూతలోదా, పట్టినవాళ్ల చేతిదా అన్నది దానికి అనవసరం. 10 పీపీబీ అంటే లీటరులో 10 మైక్రోగ్రాములు. ఒక చిన్న ఉప్పు రవ్వలో ఆరో వంతు! అంత కొంచెం ఎక్కణ్ణుంచైనా వచ్చి పడుతుంది. భూమి వయసు కోసం సీసం కొలిచిన అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్‌కి గాలి, దుమ్ము, గాజు, యాసిడ్, దేన్ని చూసినా సీసమే తగిలింది. వాటన్నిటినీ వదిలించుకున్నాకే 1956లో 455 కోట్ల ఏళ్లు అని చెప్పగలిగాడు.

నా సంగతి అంత గొప్పది కాదు. పీహెచ్‌డీలో మూడు నెలలు నా బ్లాంక్‌లో, అంటే శాంపిల్ లేకుండా పోల్చడానికి పెట్టే ఖాళీ పరీక్షలో, జింక్ దిగలేదు. నీళ్లు మార్చాను, యాసిడ్ మార్చాను, మెషీన్‌ని తిట్టాను. చివరికి మా గైడ్ ఏమీ అనకుండా పౌడర్ లేని గ్లవ్స్ డబ్బా ఒకటి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. జింక్ నా చేతులకున్న గ్లవ్స్ పౌడర్‌దే.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. యాసిడ్ కలపకుండా నిల్వ ఉంచితే లోహాలు సీసా గోడలకి అంటుకుపోయి, అంకె తక్కువగా వస్తుంది. తక్కువ వచ్చిన రిపోర్టు మీద ఎవరూ ఫోన్ చెయ్యరు. ఆ నీళ్లే తాగుతూ ఉంటారు. అందుకే సీసా ల్యాబ్ నుంచే తెచ్చుకోండి. నైట్రిక్ యాసిడ్ వాళ్లే కలుపుతారు, మీరు ముట్టుకోవద్దు. ఏ సీసాలో తెచ్చినా ఒక్క ప్రశ్న వెయ్యకుండా తీసుకునే ల్యాబ్ అయితే వెనక్కి వచ్చెయ్యండి.

ఆవిడకి మా సీసాలు రెండు ఇచ్చాను. పొద్దున మొదటి నీళ్లలో 14 వచ్చింది. ఐదు నిమిషాలు వదిలాక పట్టినవాటిలో 1 కన్నా తక్కువ. అంటే 38లో సగానికి పైగా సీసా, మూతల పుణ్యమే. మిగతాది ట్యాప్‌ది, అది మాత్రం నిజం సీసమే. అప్పటికే ఆవిడ ఇల్లు మారడానికి సిద్ధపడ్డారు. మార్చాల్సింది ట్యాప్. పాప రక్తపరీక్ష సంగతి పిల్లల డాక్టర్‌ని అడగమన్నాను. నీళ్ల అంకె చూసి రక్తంలో ఎంతుందో నేను చెప్పలేను.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను.

టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం పదార్థాలు) తక్కువ, కాబట్టి లోహాలు లేవు: ఆ మీటరు కొలిచేది లీటరుకి మిల్లీగ్రాముల్లో. 10 పీపీబీ సీసం అంటే 0.01 మిల్లీగ్రాము. అది రెండింతలైనా మీటరు కదలదు.

మరిగిస్తే పోతాయి: పోయేది నీళ్లు. లోహం గిన్నెలోనే ఉంటుంది, పైగా చిక్కబడుతుంది.

చేపలో ఆర్సెనిక్ ఉంది, విషమే: సముద్రపు చేపల్లో ఎక్కువ భాగం ఆర్సెనోబీటైన్ అనే సేంద్రియ రూపంలో ఉంటుంది. దాంతో పెద్దగా హాని లేదు. మొత్తం ఆర్సెనిక్ అంకె ఒక్కటే పట్టుకుని ఫార్వర్డ్‌లు పంపేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బావి నీళ్లలోది వేరు, అక్కడ నిజంగానే భయపడాలి.

రిపోర్టులో బీడీఎల్ (బిలో డిటెక్షన్ లిమిట్) అంటే సున్నా: కాదు. మేం చూడగలిగే పరిమితికి కింద ఉందని మాత్రమే. ఆ పరిమితే 20 పీపీబీ అయితే సీసానికి ఆ రిపోర్టు దండగ. పరిమితి ఎంతో కాగితం మీద రాయకపోతే ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి. విసుక్కున్నా సరే, అడగండి.