తాతయ్య ట్రంకు పెట్టె

చిన్నీకి, బాబీకి,

మొన్న ఫోన్లో బాబీ "తాతయ్యా, ఆర్మీలో ఎన్నిసార్లు తుపాకీ పేల్చావు?" అని అడిగితే నవ్వేసి మాట మార్చాను. నిజం చెబితే డీలా పడిపోతాడని. సర్వీసులో నేను తుపాకీ కంటే ఎక్కువగా చూసినవి జవాన్ల పాదాలు.

నవ్వకండి. ముప్పై కిలోమీటర్ల మార్చ్ నుంచి రాగానే అందరి చేత బూట్లు విప్పించి, ఎవరి మడమకు బొబ్బ లేచిందో ఆఫీసరే వంగి చూడాలి. బొబ్బ చితికితే ఆ జవాను రేపు నడవలేడు. అతను ఆగితే అతని బరువు ఇంకొకరు మోయాలి.

డెహ్రాడూన్‌లో 1932లో మొదలైన ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఒక హాలు ఉంది. ముందు దేశం, తర్వాత నీ కింద పనిచేసే మనుషులు, చిట్టచివర నువ్వు అని ఆ గోడ మీద రాసి ఉంటుంది. రోజూ చదివేవాణ్ణి. అర్థమైంది మాత్రం మొదటి పోస్టింగ్‌లోనే, అదీ జవానుగా చేరి పైకొచ్చిన మా సుబేదార్ సాబ్ వల్ల. నాకు ఇరవై రెండేళ్ళు, ఆయనకు అంతకు మించిన సర్వీసు. సెల్యూట్ ఆయన నాకు చేయాలి, పని నేను ఆయన దగ్గర నేర్చుకోవాలి! ఓ రాత్రి చలిలో నేను ముందుగా భోజనానికి కూర్చోబోతే, "సాబ్, పిల్లలింకా తినలేదు" అన్నాడు మెల్లగా. పిల్లలంటే జవాన్లు. మళ్ళీ ఆ తప్పు చేయలేదు. మా జవాన్లు డోగ్రాలు, అంటే జమ్మూ, హిమాచల్ వైపు వాళ్ళు. వాళ్ళ మాట నాకు పట్టుబడడానికి ఏడాది పట్టింది. అందరికీ ఒకేసారి సెలవు కావాల్సి వచ్చినప్పుడు ఎవరిని ముందు పంపాలన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద టెన్షన్.

చిన్నీ, నువ్వు ఆడపిల్లలను తీసుకుంటారా అన్నావు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు వాళ్ళకు 2022లో తెరుచుకున్నాయి. 2025 మేలో మొదటి బ్యాచ్‌లో 17 మంది అమ్మాయిలు పాసై బయటికొచ్చారు. రాత పరీక్ష యూపీఎస్సీది. దాని తర్వాత ఎస్‌ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ, ఐదు రోజులు. అక్కడొక తమాషా ఉంది. ఒక్కో బొమ్మ ముప్పై సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. చివరి కార్డు మాత్రం ఖాళీ. ఏం రాయాలో నీ ఇష్టం. నేను ఆ ఖాళీ కార్డు చూసి ఒక నిమిషం బిక్కమొహం వేశాను.

ఇక హోదాలు. ఇప్పుడు భుజం మీద రెండు నక్షత్రాలతో లెఫ్టినెంట్‌గా మొదలవుతారు. రెండేళ్ళకు కెప్టెన్, ఆరేళ్ళకు మేజర్, పదమూడేళ్ళకు లెఫ్టినెంట్ కల్నల్. (మా రోజుల్లో ఒక్క నక్షత్రం సెకండ్ లెఫ్టినెంట్‌తో మొదలు. మేజర్ కావడానికి చాలా ఏళ్ళు ఆగాలి.) అక్కడిదాకా పరీక్షలు పాసవుతూ, మచ్చ లేకుండా పనిచేస్తే దాదాపు అందరూ వెళ్తారు. ఆ పైన దారి ఇరుకు. ఇప్పుడు దాదాపు ఎనిమిది వందల మంది ఉండే బెటాలియన్‌ను నడిపేది కల్నల్. దానికి సెలక్షన్ బోర్డు ఎంచుకోవాలి.

నన్ను ఎంచుకోలేదు. నాకు బెటాలియన్ దక్కలేదు. బోర్డు మూడుసార్లు చూస్తుంది, మూడుసార్లూ నా పేరు లేదు. అమ్మమ్మకు మాత్రమే చెప్పాను, అదీ రెండు రోజుల తర్వాత. మూడోరోజు యూనిట్‌కు వెళ్తే, నాకంటే జూనియర్ అయిన మా కొత్త కమాండింగ్ ఆఫీసర్‌కు నేనే ముందు సెల్యూట్ చేయాల్సి వచ్చింది. చేశాను. చెయ్యి వణకలేదు గానీ గొంతు కొంచెం ఆరింది. అతను నాకు కుర్చీ చూపించి, "సర్, ఈ సెలవుల లిస్టు మీరు చూస్తారా? నాకంటే మీకే వాళ్ళు బాగా తెలుసు" అన్నాడు. ఇంకో ఆరేళ్ళు ఆ పని చేశాను. చెడ్డ ఏళ్ళేమీ కావు.

మీ అమ్మ చదువు మాత్రం కాస్త దెబ్బతింది. పన్నెండో తరగతికి వచ్చేసరికి ఏడు స్కూళ్ళు. దాని గురించి ఆమెనే అడగండి, నేను చెబితే నా వైపే చెబుతాను.

అటక మీద నా నల్ల ట్రంకు పెట్టె ఉంది కదా, దాని మూత మీద తెల్ల పెయింట్‌తో పేరు, పోస్టింగ్ రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉంటాయి. సెలవులకు వచ్చినప్పుడు ఎన్ని ఊళ్ళున్నాయో లెక్కపెట్టండి. నేను పదకొండు అంటాను, అమ్మమ్మ పన్నెండంటుంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య