హెచ్‌ఐవీ, సైనిక భర్తీ: ఒక పాత నిబంధన వెనుక నలభై ఏళ్లు

తెల్లవారకముందే విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ముందు నుంచి కుర్రాళ్లు పరుగు మొదలుపెడతారు. ఒకరు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని సెకన్లు అరుస్తుంటే, మిగిలినవారు సైనిక భర్తీ ర్యాలీలో ఎదురయ్యే 1.6 కిలోమీటర్ల దూరాన్ని మళ్లీ మళ్లీ కొలుస్తుంటారు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఈ ఊళ్లో, ఇంటికొక సైనికుడు అన్నట్టుండే సిక్కోలు (శ్రీకాకుళం) పల్లెలకు దగ్గరగా, పటాలమంటే జీతం ఒక్కటే కాదు, ఊళ్లో తలెత్తుకుని తిరగగల గౌరవం కూడా. అగ్నివీర్‌గా చేరడానికి కనీస వయసు పదిహేడున్నర. తల్లి నుంచి పుట్టుకతోనే హెచ్‌ఐవీ సోకి, ప్రభుత్వం ఇచ్చిన ఉచిత మందులతో బతికి, చదువుకుని, ఎదిగిన తరం ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉంది. ఆ పిల్లలు పరుగులో అందరికంటే ముందున్నా సైన్యం వారిని తీసుకోదు. మన సాయుధ దళాల భర్తీ వైద్య ప్రమాణాల ప్రకారం రక్తపరీక్షలో హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలితే చాలు, అభ్యర్థిని తిరస్కరిస్తారు. వైరస్ అదుపులో ఉందా లేదా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

ఇటువంటి నిషేధాలు పుట్టిన కాలం వేరు. అమెరికా సైన్యం 1985 అక్టోబరులో కొత్తగా చేరేవారందరికీ ఈ పరీక్ష మొదలుపెట్టింది. హెచ్‌ఐవీ ఉన్న సంగతి తెలియక ఒక పంతొమ్మిదేళ్ల రంగరూటుకు (కొత్తగా చేరిన సైనికుడికి) అక్కడ మశూచి టీకా వేస్తే, ఆ టీకాలోని సజీవ వైరస్ అతని ఒళ్లంతా వ్యాపించింది. 1987లో వైద్య పత్రికకెక్కిన ఈ ఉదంతం చాలాకాలం ఉదాహరణగా నిలిచింది. మన దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది 1986లో, చెన్నైలో. అప్పటికి చికిత్స లేదు. సోకినవారు కొన్నేళ్లలో మంచానపడేవారు. శిక్షణకు ఖర్చుపెట్టి, తుపాకి చేతికిచ్చి సరిహద్దుకు పంపే వ్యక్తి విషయంలో సైన్యం అంత కఠినంగా ఉండటాన్ని ఆనాటి పరిస్థితిలో తప్పుపట్టలేం.

ఆ పరిస్థితి మారిపోయింది. 1996 నుంచి ప్రపంచంలో పలు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. మన దేశంలో 2004 ఏప్రిల్ 1న ఉచిత ఏఆర్‌టీ (వైరస్‌ను అదుపుచేసే చికిత్స) మందులు మొదట అధిక వ్యాప్తి ఉన్న రాష్ట్రాలకు అందాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. 2006లో పిల్లల కోసం ప్రత్యేక చికిత్స కార్యక్రమం వచ్చింది. 2017 నుంచి, వ్యాధి ముదిరేదాకా ఆగకుండా, పాజిటివ్ అని తేలిన వెంటనే మందులు మొదలుపెడుతున్నారు. నేడు చాలామందికి మూడు మందులు కలిపిన ఒకే మాత్ర, రోజుకు ఒకసారి. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఏఆర్‌టీ కేంద్రం లాంటి చోట నెలకు సరిపడా మాత్రలు పట్టే చిన్న డబ్బా చేతికి వస్తుంది, చొక్కా జేబులో ఇమిడిపోయేంత. మందు క్రమం తప్పకపోతే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గుతుందనీ, అప్పుడు లైంగికంగా ఇతరులకు సోకదనీ 2019 నాటికి పెద్ద అధ్యయనాలు సందేహానికి తావులేకుండా తేల్చాయి.

న్యాయస్థానాలు ఈ మార్పును సైన్యం కంటే ముందే గుర్తించాయి. పనికి తగిన ఆరోగ్యం ఉండి, ఇతరులకు గణనీయమైన ప్రమాదం లేనప్పుడు, హెచ్‌ఐవీ ఉందన్న ఒక్క కారణంతో ఉద్యోగం నిరాకరించరాదని బొంబాయి హైకోర్టు 1997లోనే చెప్పింది. మనకు మరింత దగ్గరి తీర్పు 2006లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుది. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రయత్నించిన ఒక యువకుణ్ణి హెచ్‌ఐవీ కారణంగా తిరస్కరించగా, అటువంటి వారందరినీ గంపగుత్తగా అనర్హులను చేసే పోలీసు మాన్యువల్ నిబంధనను రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టివేసింది. లాఠీ, తుపాకి, పరుగు, గాయం అన్నీ ఉన్న ఉద్యోగం గురించి ఇరవై ఏళ్ల కిందటే మన హైకోర్టు ఈ మాట చెప్పిందన్నది ఇక్కడి పాఠకులలో చాలామందికి తెలియదు. తెలియాల్సిన తీర్పు అది.

సర్వీసులో ఉండగా హెచ్‌ఐవీ బయటపడినవారి విషయంలో దళాల వైఖరి వేరుగా ఉంటుంది. మెడికల్ కేటగిరీ తగ్గించి, తగిన విధులలో కొనసాగించే పద్ధతి ఉంది. అయితే అక్కడా అన్యాయాలు జరిగాయి. 2002లో సరిహద్దు మోహరింపు సమయంలో సాంబాలోని సైనిక ఆసుపత్రిలో ఎక్కించిన రక్తం ద్వారా హెచ్‌ఐవీ సోకిన వైమానిక దళ ఉద్యోగికి 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సుమారు కోటిన్నర రూపాయల పరిహారం ఇప్పించింది. ఎయిడ్స్ అన్న తప్పుడు నిర్ధారణతో 2001లో ఇంటికి పంపిన మరో జవానుకు 50 లక్షలు చెల్లించాలని 2024లో ఆదేశించింది. హెచ్‌ఐవీ ఉందని సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్‌కు పదోన్నతి నిరాకరించడం చెల్లదని 2023లో అలహాబాద్ హైకోర్టు తేల్చింది. లోపల ఉన్నవాడు ఈ మందులతో విధి నిర్వహించగలడని ఒప్పుకున్నప్పుడు, బయట నిలబడ్డవాడు ఎందుకు నిర్వహించలేడో చెప్పవలసిన బాధ్యత నిబంధనను పట్టుకుని ఉన్నవారిదే.

ఇతర దేశాలలో ఈ ప్రశ్న నేరుగా భర్తీ మీదనే వచ్చింది. వైరస్ స్థాయి, రోగనిరోధక కణాల సంఖ్య చూడకుండా పాజిటివ్ అన్న మాటతో తోసిపుచ్చరాదని 2000లో నమీబియా లేబర్ కోర్టు చెప్పింది. 2008 మేలో ప్రిటోరియా హైకోర్టు దక్షిణాఫ్రికా సైన్యంలోని మొత్తంగా నిషేధించే విధానాన్ని కొట్టివేసింది. వైరస్ కనిపించని స్థాయిలో ఉన్నవారిని చేర్చుకుంటామని బ్రిటన్ 2021 డిసెంబరు 1న ప్రకటించింది. అమెరికాలో 2022లో సర్వీసులో ఉన్నవారికీ, 2024 ఆగస్టులో చేరదలచినవారికీ అనుకూలంగా వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు తీర్పులిచ్చింది. రెండో తీర్పుపై ప్రభుత్వం అప్పీలుకు వెళ్లగా, 2026లో అప్పీలు కోర్టు దాన్ని తోసిపుచ్చి ప్రభుత్వం వైపు తీర్పిచ్చింది.

సైన్యం వైపు అభ్యంతరాలలో బరువున్నవి లేకపోలేదు. యుద్ధరంగంలో రక్తం నిల్వలు అయిపోతే తోటి సైనికుల నుంచే తీసి ఎక్కించవలసి వస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవారు, మందులు వాడుతున్నా, రక్తం ఇవ్వకూడదు. వారాల తరబడి నీటి అడుగున ఉండే జలాంతర్గామికీ, హిమనదాల మీది శిబిరానికీ మందులు అందించడం చిన్న పని కాదు. కానీ ఇవి కొన్ని విధులకు సంబంధించిన పరిమితులు. గుమాస్తా, వంటవాడు, స్టోర్ కీపర్, మెకానిక్ వరకు అన్ని ట్రేడ్‌లకూ కలిపి ఒకే తలుపు మూయడానికి అవి చాలవు.

2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చింది. ఉద్యోగంలో వివక్షను నిషేధిస్తూనే, ఉద్యోగం ఇవ్వడానికి ముందు షరతుగా హెచ్‌ఐవీ పరీక్ష పెట్టడాన్ని కూడా దాని మూడో సెక్షన్ నిషేధించింది. సాయుధ దళాల సభ్యుల ప్రాథమిక హక్కులను పార్లమెంటు చట్టం ద్వారా పరిమితం చేయవచ్చని రాజ్యాంగంలోని 33వ అధికరణం చెబుతుంది. ఇంకా దళంలో సభ్యుడే కాని పద్దెనిమిదేళ్ల అభ్యర్థికి ఆ పరిమితి ఎంతవరకు వర్తిస్తుందన్నది చర్చించవలసిన విషయం. ఆ చర్చకు బీచ్ రోడ్డు కుర్రాడి దగ్గర ఉండే ఆధారాలు రెండే: స్టాప్‌వాచ్ చూపిన సమయం ఒకటి, వైరస్ పరీక్షకు అందలేదని రాసి ఉన్న వైరల్ లోడ్ రిపోర్టు రెండోది.