తాడు తెగుతుందేమో అని అడుగుతారు: రాక్ క్లైంబింగ్ అపోహలు, వాస్తవాలు

శనివారం సాయంత్రం అయ్యేసరికి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, రేపు పిల్లల్ని కూడా తీసుకొస్తున్నాం, తాడు గట్టిదేనా?" నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ వచ్చే కుటుంబాలకు కనిగిరి వైపు ఒక గ్రానైట్ బండ మీద క్లైంబింగ్ నేర్పిస్తుంటాను. ఎత్తు 40 అడుగులు దాటదు. పక్కన కంది చేను, ఆసామికి ముందే చెప్పి వెళ్తాం. ఇన్నేళ్లలో మనుషులు మారారు గానీ అడిగే ప్రశ్నలు మారలేదు.

అపోహ: తాడు తెగితే అంతే సంగతులు.

వాస్తవం: క్లైంబింగ్ తాడులో లోపల నైలాన్ పోగుల కట్టలుంటాయి, వాటి మీద గట్టిగా అల్లిన తొడుగు ఉంటుంది. మనిషి బరువుకు అది తెగదు. తాడును హార్నెస్‌కు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు), బండకు కలిపే క్యారబైనర్ అనే లోహపు కొక్కెం కూడా పొడవునా లాగితే కనీసం 20 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 2 టన్నుల లాగుడు తట్టుకోవాలని ప్రమాణం. అదే అడ్డంగా తిరిగి ఇరుక్కుంటే 7 కిలోన్యూటన్లే. అందుకే అది ఎటు తిరిగి ఉందో చూస్తూ ఉంటాం.

తాడుకు శత్రువులు రెండు. ఒకటి పదునైన రాతి అంచు, రెండోది యాసిడ్. రెండోదాని సంగతి చాలామందికి తెలియదు. ఒకాయన "మా దగ్గరా ఉందన్నా" అంటూ సొంత తాడు తెచ్చాడు. డిక్కీ తెరిస్తే అది ఇన్వర్టర్ బ్యాటరీకి ఆనుకుని ఉంది. చూడ్డానికి కొత్తగా మెరుస్తోంది. బ్యాటరీ యాసిడ్ నైలాన్‌ను తినేస్తుంది, పైకి మరక కూడా కనబడకపోవచ్చు. ఆ తాడు ఇప్పుడు ఆసామి గేదెను కట్టేయడానికి పనికొస్తోంది.

మరి ప్రమాదం ఎక్కడుంది? ముడి దగ్గర. ఇది నా తప్పే కాబట్టి చెప్పుకోవాలి. నాలుగేళ్ల కిందట మా బావమరిది ఎక్కబోతుంటే నేనే తాడు కడుతున్నాను. మేము వేసే ఫిగర్ ఎయిట్ ముడిలో ముందు తాడుకు ఎనిమిది అంకెలా ఒక ముడి వేస్తాం. తర్వాత కొసను హార్నెస్‌లోంచి దూర్చి, ఆ ఎనిమిది వెంబడే వెనక్కి నడిపించాలి. సగం నడిపించానో లేదో ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి "ఊఁ, ఎక్కు" అన్నాను. బావమరిది కూతురు అడ్డం వచ్చింది, పదేళ్ల పిల్ల. "మామయ్యా, ఐదు జతలు లెక్కపెట్టమన్నావు కదా, ఇక్కడ మూడే ఉన్నాయి." ముడి పూర్తయితే తాళ్లు జతలు జతలుగా ఐదు కనిపిస్తాయి. పొద్దున్న వాళ్లకు ఆ లెక్క నేర్పింది నేనే. ఆ రోజు నుంచి నా ఫోన్ బండ దగ్గరికి రాదు, జీపులోనే ఉంటుంది. ఎక్కేవాళ్ల ముడిని బిలే చేసేవాళ్లు (కింద నిలబడి తాడు రెండో వైపు పట్టుకునేవాళ్లు), వాళ్ల దగ్గర తాడును ఆపే బిలే పరికరాన్ని ఎక్కేవాళ్లు ప్రతిసారీ చూస్తారు. పడితే తాడును తామే పట్టుకునే కొత్త రకం పరికరాలు వచ్చాయి కదా అని, తాడును బిగపట్టే బ్రేకు చేతిని వదిలేవాళ్లున్నారు. ఆ చెయ్యి తాడు మీద నుంచి తీయకూడదు, ముక్కు దురద పెట్టినా సరే.

అపోహ: తాడు ఎంత లావుంటే అంత మంచిది.

వాస్తవం: బోరు మోటారు దించే తాడు, రొయ్యల గుంటలో ఏరేటర్లకు కట్టే తాడు, రెండూ నాకు చూపించారు. అవి బరువు మోస్తాయి, కాదనను. కానీ పడుతున్న మనిషిని ఆపడం వేరే పని. క్లైంబింగ్ తాడు 10 మిల్లీమీటర్ల లావే ఉంటుంది. పడినప్పుడు సాగి, ఆ ఊపును మింగుతుంది. సాగని తాడైతే ఆ దెబ్బంతా నడుముకు, పైన కట్టిన చోటుకు తగులుతుంది.

అపోహ: చేతుల్లో బలం ఉండాలి.

వాస్తవం: తాడిచెట్టు ఎక్కే ఆయన్ని ఒకసారి కింద నిలబడి చూడండి. మోకు నడుముకు ఆనుకుని ఉంటుంది, కాళ్ల బందం చెట్టును అదుముతుంది, లేచేది కాళ్లతోనే. బండ మీదా అంతే. చేతులతో వేలాడితే రెండు నిమిషాల్లో ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి.

అపోహ: భయం పోవాలంటే పిల్లాణ్ని పైదాకా పంపాల్సిందే.

వాస్తవం: ఇది నాన్నల అపోహ. అమ్మలు "దిగిరా నాన్నా" అంటారు, నాన్నలు "ఇంకొక్క అడుగురా" అంటారు. పిల్లాడేమో పదిహేను అడుగుల మీద బండకు చెంప ఆనించి ఏడుస్తుంటాడు. నేను రెండో మాట వినను. "దించండి" అని వాడి నోటి నుంచి వస్తే దించేస్తాను. అడిగితే దించుతారని నమ్మకం కుదిరిన పిల్లలే అరగంట తర్వాత మళ్లీ హార్నెస్ అడుగుతారు. ఏడుస్తూ పై దాకా వెళ్లినవాళ్లు రెండోసారి జీపు దిగరు. ఒక ఏడేళ్ల పిల్ల మొదటి ఆదివారం ఆరడుగులు ఎక్కి, అక్కడున్న చీమల బారును చూసుకుంటూ కూర్చుంది. వాళ్ల నాన్నకు డబ్బులు దండగనిపించింది. నాకైతే ఆ రోజు అందరికంటే బాగా ఎక్కింది ఆ పిల్లే అనిపించింది.

ఇంకోమాట. చిన్నపిల్లలకు నడుము, తుంటి తేడా ఉండదు. పెద్దల నడుము హార్నెస్ బిగించి కడితే తలకిందులైనప్పుడు జారిపోవచ్చు. వాళ్లకు భుజాల మీదుగా వచ్చే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. అది లేని చోట పిల్లల్ని ఎక్కించకండి.

అపోహ: కొండల్లో పాములతోనే భయం.

వాస్తవం: చీలికలో చెయ్యి పెట్టే ముందు చూసుకోవాలి, నిజమే. నాకు టెన్షన్ మాత్రం తేనెటీగలతోనే. కొండ చరియల కింద వేలాడే పెద్ద పట్టులున్నాయే, వాటిని కట్టేవి పెద్ద తేనెటీగలు. కదిలిస్తే గుంపుగా వస్తాయి, చాలా దూరం వెంటపడతాయి. తాడు మీద ఉన్న మనిషి పరిగెత్తలేడు. అందుకే బండ దగ్గరికి చేరగానే నా మొదటి పని తాళ్లు విప్పడం కాదు, పైకి చూడటం. పట్టు కనిపిస్తే వెనక్కి వచ్చేస్తాం, ఎంత దూరం నుంచి వచ్చినా సరే. పుల్లలు ఏరి పొయ్యి పెట్టి టీ కాచుకుందామంటారు. పొగ వద్దు, సెంటు వద్దు, కేకలు వద్దు. ఒకటి కుడితే ఆ చోటు నుంచి అరటిపండు లాంటి వాసన వస్తుంది, మిగతావాటికి అదే పిలుపు. తాడు మీద ఉన్నవాళ్లను వెంటనే దించి, తల కప్పుకుని వాహనంలోకి పరిగెత్తాలి. కుట్టిన చోట ముల్లును వెంటనే గీకి తీసేయాలి. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా ఆసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం కూడదు.

అపోహ: చీమకుర్తి క్వారీ గోడలు క్లైంబింగ్‌కు భలే ఉంటాయి.

వాస్తవం: ఫొటోలకు ఉంటాయి. నల్ల రాయిలో బంగారు చుక్కల బ్లాక్ గెలాక్సీకి ప్రపంచమంతా పేరుంది. (వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో అనే వేరే జాతి రాయి.) యంత్రంతో కోసిన గోడ మీద కాలికి పట్టు దొరకదు. పేలుడు జరిపిన చోట లోపలి పగుళ్లు బయటికి తెలియవు, పై అంచున వదులు రాళ్లుంటాయి, అడుగున లోతు తెలియని నీళ్లు. పైగా అది ఒకరి లీజు భూమి. భైరవకోన లాంటి చోట రాతిలో తొలిచిన గుళ్లున్న బండనూ తాకం. వెలిగొండ అడవిలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి.

అపోహ: ఎక్కడమే కష్టం, దిగడం ఏముంది.

వాస్తవం: దించేటప్పుడు తాడు పైకి వెళ్లి కిందికి రావాలి, కాబట్టి 60 మీటర్ల తాడుతో 30 మీటర్లకు మించి ఎక్కకూడదు. చాలదన్న సంగతి తాడు కొస బిలే పరికరంలోంచి జారిపోయాక తెలిస్తే ఏం లాభం? మా బండకు 60 మీటర్లు మిగులే, అయినా కొసకు ముడి వేస్తాను.

అపోహ: హెల్మెట్ ఎక్కేవాళ్లకే.

వాస్తవం: రాయి పడేది కింద ఉన్నవాళ్ల మీద. పులిహోర డబ్బా తెరిచేది బండ మొదట్లో కాదు, దూరంగా వేపచెట్టు కింద.

ఉంగరాలు తీసేయండి. చీలికలో ఇరుక్కుని బరువు దాని మీద పడితే వేలి చర్మం ఊడొస్తుంది. గాజులు కూడా. మంగళసూత్రం తీయమని నేను అడగను, అత్తమ్మలతో నాకెందుకు గొడవ! బట్ట లోపలికి వేసుకుని చున్నీతో బిగించి కట్టుకుంటే చాలు. జడ మాత్రం ముడి వేసుకోవాలి, బిలే పరికరంలో ఇరుక్కుంటే కత్తెరే గతి.

వేసవి సెలవుల్లో రావచ్చా అని ఇప్పటికే ముగ్గురు అడిగారు. మే నెలలో మన ఎండకు బండ పెనంలా ఉంటుంది, అరచెయ్యి ఆనించలేరు. అక్టోబరు, నవంబరుల్లో వానలు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా రండి, పొద్దున్నే 6:30కి బండ దగ్గర ఉండండి, మనిషికి 3 లీటర్ల నీళ్లు తెచ్చుకోండి. 11 గంటలకు తాళ్లు విప్పేస్తాను, ఎవరెంత బతిమాలినా.